యాపిల్ అంటే ఏ యాపిల్?

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలోని వంటల పేజీలో యాపిల్ సాస్, యాపిల్ బటర్ ఇంట్లోనే తయారుచేసుకునే విధానం వచ్చింది. ఈ వంటకాల గురించి తెలుగులో చదవడమే అరుదు కనుక ఆ పేజీని కత్తిరించి దాచుకున్నాను. చేసే పద్ధతిని ఎవరికైనా బోధపడేటట్టు రాశారు. అయితే కావలసిన పదార్థాల పట్టికలో మొదటి పంక్తి “యాపిల్స్ – కిలో” అని మాత్రమే ఉంది. ఏ యాపిల్ అన్నది ఆ పంక్తిలో లేదు, కింద వివరణలోనూ లేదు. రెండో పంక్తిలో చక్కెర 300 గ్రాములు, మూడో పంక్తిలో నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు అని ఉంది. చక్కెర, నిమ్మరసం అంతంత పొయ్యవలసి రావడానికి కారణం మొదటి పంక్తి అసంపూర్తిగా ఉండడమేనని నా నమ్మకం. ఈ ఉత్తరం ఆ ఒక్క పంక్తి గురించి.

ఆ వంటకాన్ని మీరు అచ్చువేసినట్టే చేసి చూశాను. ఇంట్లో ఉన్నవి పూర్ణా మార్కెట్‌లో కొన్న ముదురు ఎరుపు పండ్లు. ఒక్కోదాని మీద “వాషింగ్టన్” అని చిన్న చీటీ అంటించి ఉంది. దేవుడి దగ్గర పెట్టడానికి తప్ప కొయ్యడానికి చెయ్యి రానంత అందమైన పండ్లు. తొక్క తీసి, ముక్కలు కోసి, పావు గ్లాసు నీళ్లు పోసి సన్నటి సెగ మీద పెడితే ముక్కలు ఉడికాయి గాని కరగలేదు. నలభై నిమిషాల తరువాత గరిటెతో మెదిపితే అటు గుజ్జూ కాక ఇటు ముక్కా కాక, నీరు ఒక పక్కకూ ఇసుక వంటి రవ్వ ఒక పక్కకూ విడిపోయింది. తీపి ఉంది, పులుపు లేదు, వాసన అసలే లేదు. చక్కెర వేస్తే పాకంలో సొరకాయ ఉడికించినట్టయింది. నిమ్మకాయ పిండితే నిమ్మకాయ రుచి వచ్చింది. మా ఏడేళ్ల మనవరాలు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా గిన్నెను నా వైపు జరిపింది.

తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. యాపిల్ సాస్ అంటే మన టమాటా సాస్ వంటిది కాదు. తొక్క, గింజలు తీసేసిన యాపిల్ ముక్కలను కొద్ది నీళ్లలో ఉడికించి మెదిపిన గుజ్జు అది; చెంచాతో అలాగే తింటారు, పళ్లు రాని పసివాళ్లకు పెడతారు, కేకుల్లో నూనె తగ్గించి బదులుగా దీన్ని కలుపుతారు. యాపిల్ బటర్‌లో వెన్న చుక్క కూడా ఉండదు. ఆ గుజ్జునే గంటల తరబడి సన్నటి సెగ మీద మరగనిచ్చి, నీరంతా ఇగిరి, ముదురు గోధుమరంగులో నిగనిగలాడేదాకా దగ్గరపెడితే బటర్ అవుతుంది. రొట్టె మీద వెన్నలా రాసుకోవడానికి వస్తుంది కనుక ఆ పేరు. మన వంటింట్లో దీనికి దగ్గరి చుట్టం వెతకాలంటే చాప మీద పరవక ముందటి మామిడి తాండ్ర గుజ్జు అని చెప్పవచ్చును, కాకపోతే తాండ్ర ఎండలో దగ్గరపడుతుంది, ఇది పొయ్యి మీద దగ్గరపడుతుంది.

నాలుగేళ్ల కిందట మా అమ్మాయి పురిటికి న్యూయార్క్ రాష్ట్రానికి వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. నగరం కాదు, దానికి చాలా ఉత్తరాన, యాపిల్ తోటలున్న ప్రాంతం. అక్టోబరులో రోడ్డు పక్కన రైతులే బల్లలు వేసుకుని పండ్లు అమ్ముతారు. బుట్ట బుట్టకూ ఒక చిన్న పలక, పలక మీద సుద్దముక్కతో పేరు: మెకింటాష్, కోర్ట్‌లాండ్, ఎంపైర్, నార్తర్న్ స్పై. మా అమ్మాయి నాలుగు కిలోలు కావాలని అడిగితే, అక్కడి పెద్దావిడ తూకం వెయ్యలేదు. “తినడానికా, పై (పండు కూరి కాల్చే వంటకం) చేసుకోవడానికా, సాస్‌కా?” అని ఎదురు అడిగింది. సాస్‌కు అని చెప్పాక మెకింటాష్ బుట్టలోంచి మూడు వంతులు, పక్క బుట్టలోంచి ఒక వంతు తీసి కలిపి ఇచ్చింది. ఆ మెకింటాష్ ముక్కలు పావుగంటలో వాటంతట అవే విరిగి మెత్తటి గుజ్జయిపోయాయి, గరిటె పెట్టవలసిన పని కూడా లేకపోయింది. చక్కెర వెయ్యలేదు, అయినా నాలుగు రోజుల్లో గిన్నె ఖాళీ అయింది.

ఆవిడ అడిగిన ప్రశ్న నాకు కొత్తది కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన రైతు బజారులో మామిడికాయలు అమ్మే మనిషి సరిగ్గా అదే అడుగుతాడు: “ఆవకాయకా అమ్మా, మాగాయకా?” ఆవకాయకు అన్నామా, టెంక ముదిరిన, పీచు గట్టిగా ఉన్న పుల్లటి కాయ తీసి, పెద్ద కత్తిపీట మీద టెంకతో సహా ముక్కలు కొట్టి ఇస్తాడు. అదే మనిషి దగ్గర బంగినపల్లి పండుతో ఆవకాయ పెడతానంటే నవ్వుతాడు. మన పత్రికల్లో కూడా ఆవకాయ విధానం అచ్చువేసేటప్పుడు “మామిడికాయలు – పాతిక” అని ఊరుకోరు. పుల్లటివి, గట్టివి, పీచున్నవి అని రాస్తారు. పులిహోరకు పాత బియ్యం అని రాస్తారు. మరి యాపిల్ దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకు పోతోందంటే, మనకు యాపిల్ వంటకాయ కాదు, రోగులకు పట్టుకెళ్లే పండు. ఇంగ్లండులో అయితే యాపిళ్లను వండుకునేవి, తినేవి అని రెండు జాతులుగానే చూస్తారు. అక్కడి బ్రామ్లీ అనే రకం 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ అనే ఊళ్లో ఒక అమ్మాయి నాటిన గింజ నుంచి వచ్చింది. పచ్చిగా కొరికితే పళ్లు పులిసిపోతాయి, పొయ్యి మీద పెడితే నురగలా విచ్చుకుంటుంది. దాన్ని పండుగా తినడానికి ఎవరూ కొనరు, సాస్‌కు మాత్రం దాన్ని మించినది లేదంటారు.

రకానికీ గుజ్జుకూ ఉన్న సంబంధం వట్టి నమ్మకం కాదు. మొదటిది పులుపు. యాపిల్‌లోని పులుపు ప్రధానంగా మాలిక్ ఆమ్లం వల్ల వస్తుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ లెక్కలో రెడ్ డెలిషియస్ (నేను మొదట వండిన ముదురు ఎరుపు రకం) సుమారు 3.9, గోల్డెన్ డెలిషియస్ అనే పసుపు రకం సుమారు 3.6, మెకింటాష్ సుమారు 3.3 ఉంటాయి. ఈ లెక్కలో సంఖ్య తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది, పైగా ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా, కాబట్టి 3.9కీ 3.3కీ మధ్య కాగితం మీద కనిపించే చిన్న దూరం నాలుక మీద చాలా పెద్దది. ఉడికినప్పుడు పులుపు లేని యాపిల్ చప్పబడుతుంది, ఎందుకంటే పచ్చిగా కొరికినప్పుడు మనల్ని మురిపించే కరకర అనే శబ్దమూ, చిమ్మే రసమూ పొయ్యి మీద మిగలవు. మిగిలేవి తీపి, పులుపు, వాసన మాత్రమే.

రెండోది కండ విచ్చుకునే తీరు. యాపిల్ పరిమాణంలో దాదాపు నాలుగో వంతు వట్టి గాలి. బకెట్ నీళ్లలో వేస్తే తేలేది అందుకే. కండలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. వేడికి ఆ జిగురు వదులైనప్పుడు కొన్ని రకాల్లో కణాలు తేలిగ్గా విడిపోయి మెత్తటి గుజ్జవుతాయి. ఫుజి అనే రకం వంటి వాటిలో ముక్క గంట గడిచినా ఆకారం విడవదు. చాలాకాలం నిలవ ఉన్న డెలిషియస్ పండులో అయితే పొయ్యి ఎక్కకముందే కణాలు విడిపోయి పిండిపిండిగా తయారవుతాయి, అందువల్ల ఉడికాక నాకు దొరికిన రవ్వ, నీరు దొరుకుతాయి. మూడోది వాసన, దానికి నా దగ్గర కొలత లేదు. పండును ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు లేని వాసన గిన్నెలోకి రాదని మాత్రం చెప్పగలను.

రెడ్ డెలిషియస్‌ను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో ఒక రైతు తోటలో తనంతట తానే మొలిచి, మొదట హాకై అనే పేరుతో పెరిగిన ఆ రకాన్ని 1916లో శామ్యూల్ స్టోక్స్ హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతానికి తెచ్చి నాటారు. అమెరికాలో పుట్టి, ఇక్కడే స్థిరపడి, సత్యానంద్ అని పేరు మార్చుకుని, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు కూడా వెళ్లిన మనిషి ఆయన. ఆ కొండ గ్రామాల బతుకును మార్చిన చెట్టు అది. రాయల్ డెలిషియస్, రెడ్ చీఫ్ అంటూ ఇప్పుడు వచ్చేవన్నీ ఆ కుటుంబంలోవే. అయితే దశాబ్దాల తరబడి వీటిలో మరింత ఎర్రగా కనిపించే కొమ్మలనే ఏరి అంట్లు కడుతూ వచ్చారు. తోపుడు బండి మీద దూరం నుంచి కంటికి ఆనే రంగు వచ్చింది, వేల కిలోమీటర్లు లారీలో ప్రయాణించే దారుఢ్యం వచ్చింది. కోసుకుని తినడానికి, పండ్ల ముక్కల్లో కలపడానికి సెప్టెంబరులో దిగిన తాజా డెలిషియస్ ఎంతో బాగుంటుంది. పొయ్యి మాత్రం దాని చోటు కాదు.

మరి విశాఖపట్నంలో ఏమి దొరుకుతాయి? ఇక్కడే చిక్కు వస్తుంది. మన అంగళ్లలో యాపిల్‌కు ఉన్నవి రకాల పేర్లు కావు, ఊళ్ల పేర్లు: సిమ్లా, కాశ్మీర్, వాషింగ్టన్. ఏ రకం బాబూ అంటే “సిమ్లా అమ్మా, తీపుంటాది” అంటారు. సిమ్లాలో డజన్ల కొద్దీ రకాలు పండుతాయి. “వాషింగ్టన్” అన్నది ఒక రాష్ట్రం పేరే తప్ప రకం కాదు. ఆ చీటీ ఎర్ర డెలిషియస్ మీదా ఉంటుంది, పచ్చ గ్రానీ స్మిత్ మీదా ఉంటుంది. అది మామిడిపండు మీద “ఆంధ్రప్రదేశ్” అని చీటీ అంటించినట్టు.

అయితే అదే చీటీ మీద చాలాసార్లు చిన్న అక్షరాల్లో నాలుగు అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, దాన్ని మనం పారేస్తున్నాము. దిగుమతి పండ్ల మీద ఉండే ఆ సంఖ్య రకాన్ని, పరిమాణాన్ని తెలియజేస్తుంది. పెద్ద పండు అయితే రెడ్ డెలిషియస్‌కు 4016, గోల్డెన్ డెలిషియస్‌కు 4020, గ్రానీ స్మిత్‌కు 4017, ఫుజికి 4131, గాలాకు 4135. నేను ఈ అయిదింటినీ ఒక కాగితం ముక్క మీద రాసి చిల్లర డబ్బుల పర్సులో పెట్టుకున్నాను. మొన్న ఎంవీపీ కాలనీలో ఒక పండ్ల అంగడిలో ఎరుపు, పసుపు చారలున్న పండ్లను కొత్త రకం సిమ్లా అని చెప్పారు. చీటీ చూస్తే 4135. అమ్మే అబ్బాయికి చూపిస్తే, అతను కూడా ఆసక్తిగా మిగతా పెట్టెల మీది అంకెలన్నీ నా చేత చదివించుకున్నాడు. తెలియకపోవడమే తప్ప దాచే ఉద్దేశం వాళ్లకు లేదు.

ఏడాది పొడవునా చూసుకుంటే మన ఊరికి వచ్చే పండ్లలో సాస్‌కు పనికొచ్చేవి లేకపోలేదు. జూలై నెలాఖరున హిమాచల్ నుంచి మొదట దిగేవి చిన్నవిగా, కొంచెం మెత్తగా, ముదురు ఎరుపులో ఉంటాయి. అవి టైడ్‌మన్ రకం అయితే వదలకూడదు. ఇంగ్లండులో మెకింటాష్‌ను వోర్‌స్టర్ పియర్‌మెయిన్‌తో సంకరం చేసి పుట్టించిన రకం అది, సాస్ విషయంలో తల్లి పోలికే వచ్చింది. నిలవ ఉండదు, నాలుగు రోజులకే మెత్తబడుతుంది, అందువల్ల వ్యాపారులు తొందరగా వదిలించుకోవాలని చూస్తారు. మెత్తబడ్డ పండును తినేవాళ్లు కాదంటారు, వండేవాళ్లకు అదే కావాలి.

దసరా వెళ్లాక కాశ్మీర్ పెట్టెలు దిగుతాయి. వాటి మధ్య ఎప్పుడైనా పసుపుపచ్చటి పండ్ల పెట్టె ఒకటి కనిపిస్తే అక్కడ ఆగండి. అది గోల్డెన్ డెలిషియస్ కావచ్చును. పేరులో డెలిషియస్ ఉన్నా ఎర్ర డెలిషియస్‌కూ దీనికీ చుట్టరికం లేదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో విడిగా మొలిచిన చెట్టు, 1914లో నర్సరీవారు కొని ప్రచారంలోకి తెచ్చారు. ఎర్ర డెలిషియస్ పువ్వు తన పుప్పొడితో తాను కాయలేదు, వేరే రకం చెట్టు పక్కన ఉండాలి. ఆ పనికి మన కొండ తోటల్లో ఎక్కువగా గోల్డెన్‌నే నాటుతారు. అంటే ఎర్రపండు పండే చోట ఈ పసుపు పండు కూడా పండుతూనే ఉంటుంది, కాని యాపిల్ అంటే ఎర్రగా ఉండాలన్న మన పట్టుదల వల్ల ఇంత దూరం రాదు, వచ్చినా చవకగా పోతుంది. గోల్డెన్ ఇరవై, పాతిక నిమిషాల్లో మెత్తగా విచ్చుకుంటుంది, తొక్క పలచన, తేనె వంటి వాసన ఉంటుంది, దానికి చక్కెర అక్కర్లేదు. నన్నడిగితే మన ఊళ్లో దొరికేవాటిలో సాస్‌కు దీనిదే మొదటి స్థానం. అక్టోబరు, నవంబరుల్లో కాశ్మీర్ నుంచి మహారాజీ అనే పుల్లటి, గట్టి ఎర్రపండు కూడా వస్తుంది. పులుపని వెనక్కి ఇచ్చేవాళ్లను చూశాను. నేను ఆ సంచీని అడిగి తెచ్చుకున్నాను.

దిగుమతి పండ్లలో మనవాళ్లు గ్రీన్ యాపిల్ అని పిలిచేది గ్రానీ స్మిత్. 1868లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ దగ్గర మరియా ఆన్ స్మిత్ అనే పెద్దావిడ పెరట్లో మొలిచిన మొక్క, ఆవిడ పేరే పెట్టారు. దాన్ని ఒక్కదాన్నే ఉడికిస్తే పులుపు ఎక్కువై చక్కెర అడుగుతుంది. కిలోకు పావు కిలో చొప్పున తీపి రకంతో కలిపితే నిమ్మరసం పని అదే చేస్తుంది, పైగా యాపిల్ రుచి యాపిల్ రుచిగానే ఉంటుంది. గాలా, పింక్ లేడీ అనే రకాలు రెండింటికీ గోల్డెన్ తల్లిదండ్రులలో ఒకటి; గాలా తియ్యగా, సులువుగా ఉడుకుతుంది, పింక్ లేడీలో పులుపు, తీపి సమంగా ఉంటాయి గాని ఖరీదెక్కువ. ఫుజి మాత్రం జపాన్‌లో ఎర్ర డెలిషియస్‌నే తల్లిదండ్రులలో ఒకటిగా పెట్టి పుట్టించినది. దాన్ని సాస్‌కు వాడి గరిటె విరగ్గొట్టుకోవద్దు.

ఇంకొక సంగతి మన ఊరి వాళ్లకు ప్రత్యేకంగా పనికొస్తుంది. చల్లటి గిడ్డంగుల్లో ఎన్ని నెలలు దాచినా పండు ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఆ ఊపిరికి ముందుగా ఖర్చయ్యేది పులుపే. కాబట్టి ఏప్రిల్‌లో మన చేతికొచ్చే కాశ్మీర్ పండు ఆరు నెలల కిందట కోసినది, పులుపు చాలావరకు పోయినది. న్యూజిలాండ్‌లో మాత్రం కోతలు ఫిబ్రవరి నుంచి మే వరకు సాగుతాయి, కనుక వేసవిలో అక్కడి గాలా మనకు తాజా పండు. అదే గాలా డిసెంబరులో పాతది. రకం ఒక్కటి చూస్తే చాలదు, నెల కూడా చూసుకోవాలి.

యాపిల్ బటర్ దగ్గర నా అభిప్రాయం కొంత మారుతుంది. అక్కడ గుజ్జు గంటల తరబడి మరిగి మూడో వంతుకు దగ్గరపడుతుంది, దాంతో తీపి, పులుపు రెండూ చిక్కబడతాయి. సాస్‌లో ముచ్చటగా ఉన్న గ్రానీ స్మిత్ పులుపు బటర్‌లో నోరు చురుక్కుమనిపిస్తుంది, అందువల్ల కిలోకు ఒక్క కాయ చాలు. మెత్తబడడానికి ఫుజి ముందు మొరాయించినా, ఫుజి, గాలా వంటి తీపి రకాలు ఇక్కడ మంచి పని చేస్తాయి. పండులోని చక్కెరే మాడీ మాడనట్టు మరిగి ఆ గోధుమరంగు, ఆ పాకం వాసన తెస్తుంది. నా లెక్కలో రెండు కిలోల పండ్లు తొక్క తీస్తే పదహారు వందల గ్రాములు, బటర్ అయ్యేసరికి అయిదారు వందల గ్రాములు మిగులుతుంది. మీ పేజీలో గంటసేపు అన్నారు. నాకు మూడున్నర గంటలు పట్టింది, సగం తరువాత తుపుక్కు తుపుక్కుమని చేతుల మీదికి చిందుతుంది కనుక మూత ఓరగా పెట్టి, కింద ఒక గరిటె అడ్డం వేశాను. గిన్నె అడుగు మందంగా ఉన్న స్టీలుది కావాలి. మా అత్తగారి ఇత్తడి గంగాళం ఇంత వంటకు అనువుగా కనిపించినా, కళాయి పోయిన ఇత్తడిలోనూ అల్యూమినియంలోనూ పులుపు మరిగించకూడదు. కుక్కర్‌లో పెట్టి త్వరగా ముగిద్దామనుకునేవాళ్లకు కూడా ఒక హెచ్చరిక: యాపిల్ గుజ్జు నురగ కట్టి పైకి లేచి ఆవిరి రంధ్రాన్ని మూసేస్తుంది.

అయిందో లేదో చూడడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. ఫ్రిజ్‌లో పెట్టిన చిన్న పళ్లెం మీద ఒక చెంచాడు బటర్ వేసి రెండు నిమిషాలు ఆగాలి. కుప్ప చుట్టూ నీటి వలయం ఊరితే ఇంకా మరగాలి. కుప్ప కుప్పగానే నిలిచి, వేలితో గీసిన గీత మూసుకోకపోతే దించవచ్చును. తీపి చాలకపోతే చివర్లో అనకాపల్లి బెల్లం కొంచెం కరిగించి, వడకట్టి పోస్తాను. తెల్లగా మెరిసే బెల్లం కాదు, మందు వేసి తెల్లబరచని ముదురు రంగు బెల్లం. ఆ బెల్లపు వాసన, యాపిల్ పాకపు వాసన ఒకదానికొకటి ఎంత బాగా ఒదుగుతాయో, అమెరికావాళ్లు వేసే గోధుమరంగు చక్కెరకు అది రాదు. దాల్చినచెక్క అంగుళం ముక్క, లవంగాలు రెండు, అంతకు మించితే మసాలా బటర్ అవుతుంది.

నిలవ విషయంలో మీ పేజీలో “గాలి చొరని సీసాలో నెల రోజులు” అని రాశారు, ఫ్రిజ్‌లో అని రాయలేదు. ఆవకాయకు ఉప్పు, నూనె, ఆవపిండి కాపలా ఉంటాయి. చక్కెర తగ్గించిన ఈ గుజ్జుకు పులుపు తప్ప కాపలా లేదు, మన సముద్రపు గాలిలో తేమ సంగతి చెప్పనక్కర్లేదు. అల్మారాలో ఉంచిన నా సీసాకు అయిదో రోజున తెల్లటి బూజు పట్టింది, పైపైన తీసి వాడకుండా మొత్తం పారబోశాను. సాస్ ఫ్రిజ్‌లో వారం, పది రోజులు, బటర్ మూడు వారాలు ఉంటుంది. అంతకు మించి కావాలంటే చిన్న చిన్న డబ్బాల్లో గడ్డకట్టించడమే మేలు.

రకం పేరు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ సాస్‌ను ఎక్కువగా కోరేవాళ్లు పసిపిల్లల తల్లులు, మధుమేహం ఉన్న పెద్దవాళ్లు. ఏడాది లోపు బిడ్డకు చక్కెర పెట్టవద్దని వైద్యులు చెబుతారు. సరైన రకం తీసుకుంటే చక్కెర అవసరమే రాదు. ఏదో ఒక రకం తీసుకుంటే కిలోకు 300 గ్రాములు పోసినా రుచి రాదు. మీరు అచ్చువేసిన కొలత చూసి, ఇది పిల్లలకు పెట్టే వస్తువు కాదని పేజీ తిప్పేసిన తల్లులు ఉండే ఉంటారు.

మీ పత్రికలో రోజూ వచ్చే రైతు బజారు ధరల పట్టికలో వంకాయలకు కూడా తెలుపు, నలుపు అని రెండు వరుసలు ఉంటున్నప్పుడు, పండ్ల ధరలు ఇచ్చే రోజున యాపిల్‌కు కనీసం ఎర్ర డెలిషియస్, గోల్డెన్, గ్రానీ స్మిత్, గాలా అని నాలుగు వరుసలు ఇవ్వడం కష్టం కాకపోవచ్చును. అచ్చులో పేరు కనిపిస్తే కొనేవాళ్లు అడుగుతారు, అడిగితే అమ్మేవాళ్లు తెప్పిస్తారు. డ్రాగన్ పండు విషయంలో మన కళ్ల ముందే జరిగింది. వంటల పేజీ విషయంలో నా కోరిక ఇంకా చిన్నది. వచ్చే వారం సవరణ వేసే వీలుంటే ఆ పట్టికలో మొదటి మూడు పంక్తులను ఇలా మార్చండి: యాపిల్స్ – కిలో (గోల్డెన్ డెలిషియస్ లేదా గాలా ముప్పాతిక కిలో, గ్రానీ స్మిత్ పావు కిలో), చక్కెర – ఉడికి, రుచి చూశాక, నిమ్మరసం – అక్కర్లేదు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం.